వంద బోర్డు దగ్గర బ్రేకు

సెప్టెంబరు 28, ఆదివారం

చెన్నై నుంచి దివ్య మెసేజ్ పెట్టింది. డిసెంబరు 7న ట్రాక్ డే, ఎవరి కారు వాళ్ళు రేసు ట్రాక్ మీద నడుపుకోవచ్చు, సీట్లు తక్కువ, వచ్చేవాళ్ళు పేరివ్వండి అని. చదివిన నిమిషంలో ఇచ్చేశాను. ఇచ్చాక ఆలోచించాను. ముందే ఆలోచిస్తే ఇచ్చేదాన్ని కాదు. నా సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు అసలు చిక్కు. నా ఎర్ర స్విఫ్ట్‌కి బ్రేకులు లేవు. ఉన్నాయనుకో. కొత్తపేట వీధుల్లో తిరగడానికి, కాలేజీకి వెళ్ళి రావడానికి, అత్తయ్యని అయినవిల్లి వినాయకుడి దగ్గరికి తీసుకెళ్ళడానికి సరిపోతాయి. ట్రాక్ మీదకి చాలవు. పోయినేడు వెళ్ళినప్పుడు తెలిసొచ్చింది.

ఆ రోజు దివ్య నా పక్క సీట్లో కూర్చుంది. కొత్తవాళ్ళకి నేర్పడం ఆమె పని. అక్కడ మలుపుల్లేని పొడుగాటి స్ట్రెయిట్ చివర, మలుపుకి ముందు, మూడు బోర్డులుంటాయి. 300, 200, 100. మలుపు ఇంకెన్ని మీటర్లో చెప్పేవి. ట్రాక్ చుట్టూ మొదటి రెండు లాప్‌లూ రెండువందల బోర్డు దగ్గర బ్రేకు నొక్కాను, కారు బుద్ధిగా మాట వింది. మూడో లాప్‌లో పెడల్ మెత్తబడిపోయింది. దమ్ము చేసిన చేలో కాలు పెట్టినట్టు దిగిపోయింది. దివ్య కంగారు పడలేదు. గేర్లు దించు, వెడల్పుగా తిప్పు అంది. ఎలాగో తిప్పాను. పక్కకి తెచ్చి దిగి చూస్తే ముందు చక్రాల్లోంచి పొగ.

తరవాత తన కారులో నన్ను ఎక్కించుకుంది. మూడువందల బోర్డు పోయింది. రెండువందలూ పోయింది. నేను డోరు హ్యాండిల్ పట్టుకుని కళ్ళు మూసుకుందామా అనుకుంటున్నాను. వంద బోర్డు దగ్గర ఒక్కసారి నొక్కింది. నా పేగులన్నీ ముందుకొచ్చాయి. కారు మాత్రం నిమ్మళంగా మలుపులోకి ఒదిగిపోయింది.

అప్పటినుంచీ ఇదే ధ్యాస. నా కారు, నా కాలు, వంద బోర్డు. ఒక్కసారి చాలు. క్లాసులో న్యూటన్ గురించి చెబుతూ ఆ బోర్డు దగ్గరికి వెళ్ళిపోతాను. పిల్లలు మేడమ్, మేడమ్ అని పిలుస్తారు.

అక్టోబరు 2, దసరా

అత్తయ్య కారు బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. శారదాంబ అత్తయ్య నాన్నగారి అక్క. అమ్మ పోయాక ఇల్లు ఆమె చేతుల మీదే నడుస్తోంది. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు నెమ్మదే, నెమ్మదే అని అరిచింది. నిమ్మకాయల మీద కూడా నెమ్మదే.

నాన్నగారు తన సైకిలుకి బొట్టు పెట్టుకున్నారు. పుస్తకాలకి పెట్టుకున్నారు. తరవాత కొబ్బరి నూనె గిన్నె తీసి ఏటా చేసే పని చేశారు. సైకిలు చైను, అడకత్తెర, కత్తిపీట, వీధి తలుపు బందులు, బీరువా తాళం. మా గాలికి ఇనుము అన్నది ఊరికే ఉండదు, రెండు వానలు పడితే ఎర్రబడుతుంది. ఇంట్లో ఇనుము ఏది కనబడినా నాన్నగారు నూనె రాస్తారు. అది ఆయన శుభ్రం.

కారు ఆయన కూర్చున్న అరుగుకి నాలుగడుగుల్లో ఉంది. దానివైపు చూడలేదు. కొని ఆరేళ్ళయింది, ఒక్కసారి కూడా ఎక్కలేదు. నాకు సైకిలు చాలమ్మా అంటారు. కోపంగా అనరు. అదే కష్టం. కోప్పడితే పోట్లాడొచ్చు.

ఆయనకి వేగం అంటే గిట్టదు. సుందరరామయ్య ఘనపాఠి గారంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. అరుగు మీద పిల్లలకి వేదం చెబుతారు. ఎవడైనా తొందరపడి చదివాడా, చిటికె వేసి ఆపేస్తారు. మళ్ళీ మొదటినుంచీ. నాకు చెప్పలేదు. ఆడపిల్లకి చెప్పే ఆచారం మా ఇంట్లో లేదు. నేను తలుపు ఇవతల కూర్చుని లెక్కలు చేసుకుంటూ విన్నాను. ఏ పిల్లవాడు ఎక్కడ తడబడతాడో వాడికన్నా ముందు నాకు తెలిసేది. ఒక్కసారి నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుంటే బాగుండు అనుకునేదాన్ని. ముప్పై ఆరేళ్ళొచ్చాయి. ఇంకా అనుకుంటున్నాను. సిగ్గులేదు.

అక్టోబరు 5, ఆదివారం

శ్యామ్ బాబు షెడ్డుకి వెళ్ళాను. మా ఊళ్ళో నా కారు ముట్టుకునే మెకానిక్ అతనొక్కడే. డిస్కులు, ప్యాడ్లు మార్చాలి, ఏవి వేద్దామో ఆలోచిద్దాం అన్నాను. బ్రేకేస్తే బండాగాలి గానీ దానికి ఆలోచనెందుకండీ మేడమ్ గారూ అన్నాడు.

ఓపిగ్గా చెప్పాను. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం డిస్కు. దాన్ని రెండు పక్కలా నొక్కిపట్టేవి ప్యాడ్లు. కారు వేగమంతా అక్కడ వేడిగా మారాలి. ఆ వేడికి తట్టుకునేవి కావాలి. ఆయ్, ఆయ్ అంటూ విని, ఫోనులో ఒక ఫొటో చూపించాడు. డిస్కు నిండా చిల్లులు. ఇదైతే చక్రంలోంచి చూస్తే అదిరిపోద్దండి అన్నాడు.

చిల్లుల డిస్కు బాగా కాగితే ఆ చిల్లుల దగ్గరే బీటలు వారుతుందయ్యా అన్నాను. అతను ఒప్పుకోలేదు. ఇడ్లీ రేకుక్కూడా బెజ్జాలుంటాయండి, రోజూ పొయ్యి మీదే ఉంటాదండి, ఎప్పుడైనా బీటిచ్చిందా అండి అన్నాడు.

ఫిజిక్స్‌లో గోల్డ్ మెడల్ ఉన్న మనిషిని. ఇడ్లీ రేకు మీద ఎవరూ నూట నలభైలో వెళ్ళరు అన్న జవాబు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తోచింది.

డిస్కు సంగతి తేల్చేశాను. చిల్లులొద్దు, గాట్లూ వద్దు. గాట్లున్నవి ప్యాడ్‌ని గీకేస్తాయి. బరువైన, సాదా డిస్కు. లోపల గాలి ఆడే సందులుంటే చాలు. చూడ్డానికి ఏమీ ఉండదు.

అక్టోబరు 11, శనివారం

ప్యాడ్ల దగ్గర ఆగిపోయాను.

ఇప్పుడున్నవి రోడ్డు ప్యాడ్లు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా చక్కగా పట్టుకుంటాయి, చప్పుడు చెయ్యవు. బాగా వేడెక్కితే చేతులెత్తేస్తాయి. రెండో రకం అచ్చంగా రేసు కోసం చేసినవి. ఎంత కాగితే అంత గట్టిగా పట్టుకుంటాయి. అందుకోసం ముందు కాగాలి. చల్లగా ఉన్నప్పుడు నొక్కితే ఎవరినో నొక్కినట్టు ఊరుకుంటాయి. పైగా వీధంతా కీచుమంటాయి. మూడోది మధ్యరకం. చల్లగా ఉన్నా పర్వాలేదు, వేడెక్కినా పర్వాలేదు. పెళ్ళిచూపుల్లో పిల్ల గురించి చెప్పినట్టు, అన్నిటికీ సర్దుకుపోతుంది.

దివ్యకి ఫోన్ చేశాను. కారు ట్రైలర్ మీద తెస్తావా, నడుపుకుంటూ వస్తావా అని అడిగింది. నడుపుకుంటూ అన్నాను. అయితే మధ్యరకమే తీసుకో లలితా, వేరే మాట లేదు అంది. వంద బోర్డు దగ్గర సరిపోతాయా అని అడిగాను. సరిపోతాయి, నువ్వు సరిపోతే అంది.

ఒప్పుకుని ఫోన్ పెట్టేశాను. తరవాత సాయంత్రమంతా రేసు ప్యాడ్ల వీడియోలు చూశాను.

అక్టోబరు 19

రేసు ప్యాడే కావాలి.

అక్టోబరు 22, బుధవారం

పలివెల దాటాక అరటితోటలోంచి గేదె వచ్చింది. అది ఎవరినీ అడిగి రాదు. పొద్దున్నే కదా, బ్రేకులు చల్లగా ఉన్నాయి. నొక్కాను. ఆగింది. గేదె నన్నొకసారి చూసి, తొందరేమీ లేనట్టు రోడ్డు దాటింది.

అవే రేసు ప్యాడ్లయితే ఈపాటికి గేదె బానెట్ మీద ఉండేది, గేదె తాలూకువాళ్ళు నా మీద ఉండేవాళ్ళు.

మధ్యరకం ఆర్డరు పెట్టాను. బుద్ధి గెలిచింది. మనసు ముభావంగా ఉంది.

అక్టోబరు 28, మంగళవారం

తుఫాను. కరెంటు పోయింది. కాలేజీ లేదు. కొబ్బరిచెట్లు వంగి లేస్తున్నాయి. కారు మీద మట్ట పడుతుందని భయపడి అరుగు పక్కకి జరిపాను.

పిల్లలెవరూ రాలేదు. నాన్నగారు దీపం పక్కన కూర్చుని ఒక్కరే చదువుకుంటున్నారు. బయట అంత గాలి. ఆయన గొంతు ఒక్క అక్షరం పెంచలేదు, ఒక్క అక్షరం తొందరపడలేదు. తలుపు ఇవతల నా పాత చోటే కూర్చున్నాను. చిన్నప్పటి గోడే. వీపుకి అదే చల్లదనం.

ట్రాక్ మీద నాకేం ఉంటుందో ఆయనకి చెప్పాలనిపించింది. అక్కడ కూడా తొందరపడితే పాడైపోతుంది నాన్నగారూ అని. అడిగితే చెబుతాను. అడగరు.

నవంబరు 8, శనివారం

పార్సెల్ వచ్చింది. డిస్కులు రెండూ చేతిలోకి తీసుకున్నాను. ఏం బరువు. నూనె కాగితం విప్పితే బూడిదరంగు మెరుపు. అరుగు మీద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య వచ్చి, తిరగలి రాయిలా ఉంది, దీనికా నువ్వు తపస్సు చేసింది అంది.

నాన్నగారు సైకిలు దింపుతూ ఆగారు. డిస్కుల వైపు చూశారు. ఏదో అడగబోతున్నారనుకున్నాను. అన్నీ వరసగా నోటి చివరికి తెచ్చుకున్నాను, వేడి, రాపిడి, వంద బోర్డు, అన్నీ.

వాన వచ్చేలా ఉంది, లోపల పెట్టమ్మా అన్నారు. వెళ్ళిపోయారు.

నవంబరు 15, శనివారం

బిగించాం. శ్యామ్ బాబు చిల్లులు లేవని ఇంకా బాధపడుతూనే ఉన్నాడు. బ్రేకు ఆయిలు కూడా మార్చాం. కొత్త డబ్బా మూత తీసి పక్కన పెట్టి టీ తాగుదామండి అన్నాడు. అరిచాను. ఆ ఆయిలు గాలిలో తేమ తాగేస్తుంది, తేమ కలిస్తే వేడికి మరిగి బుడగలు కడుతుంది, పెడల్ దిగిపోతుంది. మన కోనసీమ గాలిలో తేమకేం తక్కువ. అతను మూత పెట్టి, ఏమండీ మేడమ్ గారూ, మీరు కాలేజీలో కూడా ఇలాగే అరుత్తారాండి అని అడిగాడు.

పాత ప్యాడ్లు ఇంకా సగం ఉన్నాయి. పారెయ్యకండి, ఎందుకైనా పనికొస్తాయండి అని డబ్బాలో వేసి షెడ్డులో పైన పెట్టాడు. పాత డిస్కులు డిక్కీలో పడేశాను.

నవంబరు 16, ఆదివారం

కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు ఒకదానికొకటి అలవాటు పడాలి. దానికో పద్ధతి ఉంది. తొంభైలోంచి ఇరవైకి గట్టిగా బ్రేకు వెయ్యాలి, పూర్తిగా ఆపకూడదు, మళ్ళీ తొంభై, మళ్ళీ ఇరవై. అలా కొన్నిసార్లు చేశాక బ్రేకు ముట్టుకోకుండా చల్లారేదాకా నడపాలి. ప్యాడ్ పొర సన్నగా డిస్కు మీదికి ఎక్కుతుంది. ఆ పొర మీదే అంతా.

తొంభైలో వెళ్ళే రోడ్డు మా ఊళ్ళో ఎక్కడుంది? కాలువ గట్టు రోడ్డులో సగం మీద వీరమ్మగారు ధాన్యం ఆరబోసింది. కోతలు కదా. రాళ్ళు అడ్డం పెట్టి మరీ. రోడ్డు మీదేమిటండీ ఇది అని కిటికీ దించి అడిగాను. చేలో తడండి, ఇంట్లో చోటు లేదండి, మరి గాలిలో ఆరబెట్టమంటారాండి అంది. పైగా కాత్త నెమ్మదిగా పోనివ్వండి, గింజలు ఎగురుతున్నాయండి అంది. ఈ ఊళ్ళో నాతో ఆ మాట అననివాళ్ళు ఎవరైనా ఉన్నారా? కడుపు మండింది.

చివరికి రావులపాలెం వెళ్ళి హైవే ఎక్కాను. గోదావరి అవతల సిద్ధాంతం ఊరి వైపు, లారీలు లేని సందు చూసుకుని. తొంభై, ఇరవై. తొంభై, ఇరవై. నాలుగోసారికి మాడు వాసన మొదలైంది. ఆరోసారికి పెడల్ కాలి కింద రాయిలా నిలబడింది. నొక్కినంతా పట్టుకుంది, వదిలినంతా వదిలింది. గోదావరి వంతెన మీద బ్రేకు ముట్టుకోకుండా చల్లారుస్తూ వస్తుంటే ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు. సంతోషమే అయ్యుంటుంది.

నవంబరు 24

స్టాఫ్ రూములో కూర్చుని బల్ల కింద కాలు నొక్కుతున్నాను. పక్క మేడమ్ చూసింది.

డిసెంబరు 1, సోమవారం

రెండు రోజులు ముసురు. కారు తియ్యలేదు. పొద్దున్న చూస్తే డిస్కులు ఎర్రగా తుప్పు. అది పైపైన వచ్చేదే, రెండుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. అత్తయ్య మాత్రం గుమ్మంలో నిలబడి, నెల కూడా కాలేదు, అప్పుడే తుప్పు, ఆ చెన్నైవాళ్ళు నిన్ను నిలువునా ముంచారే అని వీధి వినేలా అంది. పోతుందిలే అత్తయ్యా అన్నాను. ఆమెకి విడమరచి చెప్పే ఓపిక లేదు.

నాన్నగారు అరుగు మీదే ఉన్నారు. పిల్లలకి పాఠం చెబుతున్నారు.

శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరతాను. సెలవు చీటీ ఇచ్చేశాను.

డిసెంబరు 4, గురువారం, మధ్యాహ్నం

శ్యామ్ బాబు షెడ్డులో కూర్చుని ఇది రాస్తున్నాను.

పొద్దున్న కాలేజీకి బయల్దేరాను. వీధి చివర బ్రేకు వేస్తే కాస్త జారినట్టు అనిపించింది. తడేమో అనుకున్నాను. కాలువ గట్టు మలుపు దగ్గర ముప్ఫైలో ఉన్నాను, అంతే. నొక్కాను. పట్టలేదు. ఇంకా నొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం అన్నం మెతుకు మీద కాలేసినట్టు జారిపోతోంది. ఎదురుగా కాలువ. హ్యాండ్ బ్రేకు లాగి స్టీరింగు ఇటు తిప్పాను. వీరమ్మగారి ధాన్యం రాశిలోకి దూరింది. టార్పాలిను, ధాన్యం, కారు. ఆగింది.

వీరమ్మగారు పరుగెత్తుకొచ్చింది. తిడుతుందనుకున్నాను. డోరు తీసి, చెయ్యి పట్టుకుని దింపి, నీళ్ళు తాగించింది. గింజలు ఎత్తుకోవచ్చండి, మనిషి బాగుందిగదా అండి అంది. గ్లాసు వెనక్కి తీసుకుంటూ, ఆ రోజే మా ధాన్యం మీద మీ కన్ను పడిందండి అని కూడా అంది.

శ్యామ్ బాబు వచ్చి అక్కడే చక్రం విప్పాడు. డిస్కు నిగనిగలాడుతోంది. ప్యాడ్లు తడిసి ముద్దయిపోయాయి. బ్రేకు ఆయిలు కారిందేమో అన్నాను. అతను వేలు పెట్టి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. నాకు ముక్కు దగ్గర పెట్టాడు.

కొబ్బరి నూనె.

ఎవరు చేస్తారండీ ఇలాంటి పని అని వీరమ్మగారు అడుగుతోంది. శ్యామ్ బాబు నేల చూపులు చూస్తున్నాడు. చివరికి చెప్పాడు. మంగళవారం ఘనపాఠి గారు సైకిలేసుకుని షెడ్డుకి వచ్చేరండి, మా అమ్మాయి కారులో ఆపేది ఏదిరా అబ్బాయ్ అని అడిగేరండి, చక్రం సందులోంచి పళ్ళెంలా కనబడేది అదేనండి అని చూపించేనండి, ఆయన నూనె రాత్తారని నేనేమన్నా కలగన్నానా అండి.

నాన్నగారు అడిగారు. వెళ్ళి అడిగారు. నన్ను కాదు.

ప్యాడ్లు పనికిరావు. నూనె లోపలికి ఇంకిపోయింది. పొయ్యి మీద కాలుద్దామండి, గీకుదామండి అన్నాడు శ్యామ్ బాబు. దివ్యకి ఫోన్ చేస్తే ఆ ప్యాడ్లతో గేటు కూడా దాటనివ్వను అంది. కొత్తవి రావడానికి వారం. ట్రాక్ మూడు రోజుల్లో. డిస్కులు స్ప్రే కొట్టి శుభ్రం చేసి, పాత రోడ్డు ప్యాడ్లు వేసుకొస్తే రావచ్చట. రెండువందల బోర్డు దగ్గరే నొక్కాలి, మూడు లాప్‌లకి బయటికి రావాలి, మాట ఇవ్వు అంది. ఇచ్చాను.

శ్యామ్ బాబు ఆ డబ్బా దింపుతూ, ఎందుకైనా పనికొస్తాయన్నానా అండి అన్నాడు. కొట్టాలనిపించింది.

అదే రోజు, రాత్రి భోజనమయ్యాక

మాటలన్నీ పళ్ళ మధ్య పట్టుకుని ఇంటికొచ్చాను. అన్ని రోజులు ఏరుకున్న ప్యాడ్లు. అంత ప్రాణం పెట్టి ఎక్కించిన పొర. కాలువలో పడేదాన్ని. ఇవన్నీ ఆయన మొహం మీదే అనెయ్యాలని వచ్చాను.

వడ్డిస్తూ ఉంటే ఆయనే అన్నారు. ఆ చక్రాల్లో ఇనుముకి తుప్పు పట్టిందట గదమ్మా, మీ అత్తయ్య అంటుంటే విన్నాను, పొద్దున్న మృత్యుంజయం చదువుకుంటూ రెండు పక్కలా కాస్త నూనె రాశాను, దూరం వెళ్తున్నావు కదా అన్నారు. కుడిచేతి గోళ్ళలో ఇంకా నలుపుంది. ఆ చక్రం సందులోంచి ఆ ముసలి వేళ్ళు ఎంతసేపు దూర్చారో. వాడింది దేవుడి దీపానికి దాచిన గానుగ నూనె అని అత్తయ్య నా చెవిలో గొణిగింది. ఆమెకి అప్పటికే సంగతంతా వీధిలో తెలిసింది. నాన్నగారికి చెప్పబోతుంటే చెయ్యి గట్టిగా నొక్కాను.

చెబితే ఇంక జన్మలో దేన్నీ ముట్టుకోరు. నా దాన్ని అసలు ముట్టుకోరు.

మంచిపని చేశారు నాన్నగారూ అన్నాను. మిగతాదంతా అన్నంతో పాటు మింగేశాను. కోపం ఇంకా ఉంది. ఇది రాస్తుంటే కూడా ఉంది. ఆయన ముట్టుకున్నారన్న సంతోషం కూడా ఉంది. రెండూ ఒకే గొంతులో ఎలా పడతాయో తెలియడం లేదు.

డిసెంబరు 5, శుక్రవారం. ఒంగోలు దాటాక, టీ దగ్గర

ఇది రాయకుండా ముందుకి వెళ్ళలేను.

తెల్లవారుజామున బ్యాగు పట్టుకుని బయటికొస్తే నాన్నగారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. చేతిలో నూనె గిన్నె. బయల్దేరే ముందు ఇంకోసారి రాద్దామని.

అరవలేదు. ఎలా తోచిందో తోచింది. డిక్కీ తీసి పాత డిస్కులు రెండూ ఆయన ముందు పెట్టాను. వీటికి తుప్పు చాలా పట్టింది నాన్నగారూ, మీరు వీటికి రాయండి, కారుకి నిన్నటిది చాలు, ఇవాళ మీరు లోపల కూర్చుని చదివితే మంచిది అన్నాను.

లోపలా, అన్నారు.

కాలువ వంతెనదాకా, అన్నాను.

గిన్నె అరుగు మీద పెట్టారు. పంచె సవరించుకున్నారు. కారు చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ డోరు దగ్గర నిలబడ్డారు, అది ఎలా తియ్యాలో తెలియక. తీశాను. కూర్చున్నారు. బెల్టు పెట్టాను. అత్తయ్య గుమ్మంలో నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆయన చదువుతున్నారు, నేను నడుపుతున్నాను. ఆయన గొంతు ఎంత నెమ్మదో అంత నెమ్మదిగా. కారు ఇంజను చప్పుడులో ఆ గొంతు విన్నది నేనొక్కదాన్నే. మధ్యలో తలుపు లేదు. వీరమ్మగారు ధాన్యం మీద టార్పాలిను తీస్తూ నోరు తెరిచి చూసింది. ఇంత నెమ్మదిగా నన్ను ఎప్పుడూ చూసి ఉండదు.

వంతెన దగ్గర ఆపాను. కుదుపు లేకుండా. ఆయన చదవడం ముగించి దిగకుండా కూర్చున్నారు. అంత వేగం ఎందుకమ్మా అని అడిగారు. ఆరేళ్ళకి.

తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. వేగం కోసం కాదు నాన్నగారూ, ఆపడం కోసం, ఎక్కడ ఆపాలో సరిగ్గా అక్కడ ఆపడం, ముందూ కాదు వెనకా కాదు అన్నాను. మా పిల్లలకీ అదే రాదమ్మా, ఎంత చెప్పినా, అన్నారు.

దిగి ఇంటివైపు నడిచారు. అద్దంలో కనబడినంతసేపూ చూశాను.

టీ చల్లారిపోయింది.

డిసెంబరు 7, ఆదివారం, సాయంత్రం

మూడు లాప్‌లు, బయటికి. చల్లార్చడం. మళ్ళీ మూడు. రోజంతా రెండువందల బోర్డు దగ్గరే నొక్కాను. మాట తప్పలేదు. ప్రతిసారీ వంద బోర్డు మెల్లగా పక్కనుంచి వెళ్ళిపోయింది. అప్పటికే నా వేగమంతా పోయి ఉండేది. వెనకనుంచి వచ్చినవాళ్ళు దాటిపోయారు. చివరి లాప్‌లో కాలు దానంతట అది ఆగుదాం, ఇంకాస్త ఆగుదాం అంది. ఆగలేదు. నొక్కేశాను. ఎంత కావాలనిపించిందో రాయలేను.

దివ్య భుజం తట్టింది. మంచి ప్యాడ్లతో రా అంది.

ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్య తీస్తుందనుకున్నాను. నాన్నగారు తీశారు. ఫోన్ ఆయన ఎప్పుడూ తియ్యరు.

ఆగిందా అమ్మా, అని అడిగారు.

ఆగింది నాన్నగారూ, అన్నాను.

డిసెంబరు 20, శనివారం

కొత్త ప్యాడ్లు వచ్చాయి. పెట్టె అరుగు మీద పెట్టి కత్తెర కోసం లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాన్నగారు నూతి దగ్గర కుంకుడు రసంతో మోచేతులదాకా చేతులు రుద్దుకుంటున్నారు. కడుక్కున్నారు. పొడిగుడ్డతో తుడుచుకున్నారు. వాసన చూసుకున్నారు. మళ్ళీ కడుక్కున్నారు. అప్పుడొచ్చి పెట్టె ముట్టుకున్నారు.

నూనె సంగతి నేను చెప్పలేదు. అత్తయ్య తనూ చెప్పలేదని ఒట్టేసింది.

మళ్ళీ ఎప్పుడమ్మా, అన్నారు.